ఊరిలెక్కయు వాడలెక్కయు

2027వ సంవత్సరము మార్చి 1వ తేదిని ప్రమాణదినముగా నేర్పరచి దేశమున జనాభా లెక్కలు తీయింతుమని భారత ప్రభుత్వమువారు 2025 జూను మాసమున ప్రకటించిరి. 2021లో జరుగవలసిన గణనము కోవిడు మహమ్మారివలన నాగి, పిమ్మట వాయిదాల మీద వాయిదాలు పడినందున, 2011 నాటి యంకెలే యిన్నాళ్లును మన పరిపాలనకు ఆధారముగా నిలువవలసి వచ్చినది. ఈ మారు కులముల లెక్కయు తీయుటకు నిర్ణయమైనది. ఎవరి సంఖ్య యెంతయని తేలునో యను తహతహ సర్వత్ర కానవచ్చుచున్నది. కాని యీ లెక్కలను ఏ హద్దులనుబట్టి కూడుదురు, ఏ హద్దులనుబట్టి ప్రకటింతురు అను ప్రశ్నను విచారించువారు మిక్కిలి యరుదు. మా యభిప్రాయమున నీ రెండవ ప్రశ్న మొదటిదానికంటె తక్కువ ప్రయోజనము గలది కాదు. ఏలయన, పేదరికమునకు మనుష్యులతోడనే గాక స్థలముతోడను సంబంధము గలదు. బిడ్డ యే యింట పుట్టినదను సంగతి యెంత ముఖ్యమో, ఏ వాడలో పుట్టినదను సంగతియు నంత ముఖ్యము.

నీటికుళాయి యెంత దూరమున నున్నది, మురుగు ఎచ్చటికి పారును, రాత్రివేళ వీథిదీపము వెలుగునా, బడికి బోవు త్రోవలో వాగు కలదా, జ్వరము వచ్చినపుడు వైద్యుడెంతసేపటికి అందును? ఈ ప్రశ్నలకు సమాధానము వాడనుబట్టి యుండునుగాని ఇంటి యజమాని కష్టపడు గుణమునుబట్టి యుండదు. చేతిలో నాలుగు రూపాయలున్నను ఒంటరిగా కొనుక్కొనరాని సౌకర్యములివి. సర్వజనుల సొమ్ముతో నేర్పడవలసినవి. ఆ సొమ్ము లెక్కలు చూపిన త్రోవను పోవును. లెక్కకు రాని వాడకు రోడ్డు రాదు, నీరు రాదు, దాదియు రాదు. కావున లేమిని కొలుచు కొలత సరియైనదా కాదా యనునది పండితుల వినోదము గాదు. ఎవరి గుమ్మమునకు నీరు చేరునో నిర్ణయించు వ్యవహారము.

స్వాతంత్ర్యోద్యమమునకు పునాదులు వేసిన మహనీయులలో దాదాభాయి నౌరోజీగారు అంకెలనే ఆయుధములుగా గైకొనిరి. 1867-70 ప్రాంతమున ఈ దేశమున మనిషికి సాలుకు సరాసరిని ఇరువది రూపాయల యాదాయము మాత్రమే గలదని లెక్కగట్టి, చెరసాలలలో ఖైదీల పోషణమునకగు వ్యయముతో దానిని పోల్చి చూపి, 1901లో వెలువరించిన గ్రంథమున పరప్రభుత్వమును లోకము నెదుట నిలువదీసిరి. దేశమును దేశముతో పోల్చుటకు సరాసరి చాలినది. కాని స్వరాజ్యము వచ్చిన వెనుక మన ప్రశ్న మారినది. ఇపుడు మన యూరిలోనే యీ వాడను ఆ వాడతో పోల్చి చూడవలసియున్నది. ఆ పనికి దేశపు సరాసరి గాని, జిల్లా సరాసరి గాని, కడకు ఊరి సరాసరి గాని ఉపకరింపదు. పది గరిసెల ధాన్యము గల యొక ఆసామిని, గింజ లేని తొమ్మండుగురు కూలీలను ఒక్కచో నిలిపి, మనిషికొక గరిసె ధాన్యము గలదని చెప్పిన లెక్కయందు తప్పు లేదు, సత్యమును లేదు.

ఈ సంగతిని మొదట గ్రహించినవారిలో లండను నగరమున నివసించిన నౌకావ్యాపారి ఛార్లెస్ బూత్ ఒకడు. 1886 మొదలు 1903 వరకు అతడు తన ధనమును వెచ్చించి ఆ నగరవాసుల జీవనస్థితిని విచారింపజేసి, నూటికి 30.7 మంది దారిద్ర్యమున నున్నారని తేల్చెను. ఆ యంకెకంటె నతడు గీయించిన పటము గొప్పది. అందు ఒక్కొక్క వీథికి ఒక్కొక్క వన్నె: మిక్కిలి హీనస్థితి గల వీథికి నలుపు, కూలిపేదలకు నీలము, ఒకమాదిరి వారికి గులాబి, కలిగినవారికి ఎరుపు, సంపన్నులకు పసుపు. ఆ పటమును చూచినవారికి ఎర్రని పెద్దవీథి వెనుక సందులలోనే నల్లని గీతలు కనబడినవి. పేటకంతకు నొక్క సరాసరి తీసియుండినచో నా నలుపును ఎరుపును కలిసిపోయి, ఏ వన్నెయు గాక పోయెడిది. మహానగరములకే యీ దుస్థితి యని తలచినవారి భ్రమను రౌంట్రీ యను మరియొక వర్తకుడు పోగొట్టెను. యార్కు అను చిన్న పట్టణమున 1899లో ఇల్లిల్లు విచారించి, అచ్చటను నూటికి 27.84 మంది పేదలే యని 1901లో ప్రకటించెను.

తరువాతి కాలమున పీటరు టౌన్సెండు పండితుడును ఆయన సహచరులును 1988లో స్థలముల లేమిని కొలుచుటకు నాలుగు గురుతుల నేర్పరచిరి: పనిలేకుండుట, కారు లేకుండుట, సొంతయిల్లు లేకుండుట, గదికొక్కరికంటె నెక్కువమంది కిక్కిరిసి యుండుట. పట్టణములలో నీ కొలత చక్కగా నక్కరకు వచ్చినది. పల్లెలకు వచ్చునప్పటికి కారు గురుతు తలక్రిందులైనది. బస్సు రాని పల్లెలో బీదవాడును తిండి తగ్గించుకొనియైనను పాతకారు నొకదానిని ఉంచుకొనక తీరదు. అది లేనిచో పనికి బోలేడు. రోగిని వైద్యునికడకు గొనిపోలేడు. పట్టణమున కలిమికి గురుతైనది పల్లెలో తప్పించుకొనరాని వ్యయమైనది. ఆ కొలతచొప్పున పల్లెపేదవాడు కలిగినవాడుగా లెక్కకెక్కెను.

ఆ లోపమును సవరించుటకు ఇంగ్లండువారు క్రమముగా కొలతను విస్తరించిరి. 2019 నాటి పట్టికలో ఆ దేశమును 32,844 చిన్న భాగములుగా విభజించిరి. ఒక్కొక్క దానిలో సుమారు 1,500 మంది జనులు. ఆదాయము, ఉపాధి, విద్య, ఆరోగ్యము, నేరములు, గృహవసతియు సేవల యందుబాటును, పరిసరముల స్థితి యను ఏడు విషయములను పరిశీలించి, ఆదాయోపాధులకు నూటికి 22.5 చొప్పున తూకమిచ్చి, తక్కినవాటికి తగ్గించిరి. అంగడికి, బడికి, వైద్యునికి, తపాలాకచేరికి రోడ్డు దూరమెంతయో కూడ కొలిచిరి. ఇట్లు కొలువగా మిక్కిలి లేమి గల స్థలము ఏ యంత్రనగరపు నడిబొడ్డుననో తేలలేదు. ఎస్సెక్సు తీరమున, 1930 తరువాతి సంవత్సరములలో విహారార్థము కట్టుకొన్న చిన్నయిండ్ల జేవిక్ అను పల్లెలో తేలినది. 2010, 2015, 2019 పట్టికలు మూడింటను దానిదే యట్టడుగు స్థానము. కొలత స్థలమునకు దగినదైనపుడు మనము చూడని తావులు కనబడునని దీనివలన గ్రహింపవలెను.

అయినను ఈ పద్ధతికి నొక పరిమితి గలదు. పట్టణమున పేదలు గుంపుగా నుందురు. పల్లెలో కలిగినవారి నడుమ చెదరియుందురు. కావున లేమి గల స్థలమున నున్నవారందరును పేదలు గారు. పేదలందరును అట్టి స్థలములందే యుండరు. స్థలపు లెక్క మనిషి లెక్కకు తోడు కావలెనేగాని దానికి బదులు కారాదు.

ఇక మన కొలతలను చూతము. 1979లో ఆలఘ్ సంఘమువారు పల్లెవానికి దినమునకు 2,400, పట్టణవాసికి 2,100 కేలరీల యాహారమును ప్రమాణముగా గైకొనిరి. 2009లో టెండూల్కరు సంఘమువారును, 2014లో రంగరాజన్ సంఘమువారును వ్యయపు గీతలను మార్చిరి. 2011-12 ధరల ప్రకారము దేశమంతటికిని మొదటివారి గీత మనిషికి నెలకు పల్లెలలో 816, పట్టణములలో 1,000 రూపాయలు. రెండవవారి గీత 972, 1,407 రూపాయలు. గీత జానెడు జరిగినంతనే కోట్లకొలది జనులు పేదలగుటయో, పేదలు కాకపోవుటయో సంభవించినది. రాష్ట్రమునకొక గీత చొప్పున వేరుచేసినను, ఈ పద్ధతి యెరిగిన స్థలభేదము పల్లె, పట్టణము అను రెండే. కాలువక్రింది పల్లెయు కొండమీది గూడెమును దానికి నొక్కటియే.

2002లో పల్లెలందు 13 గురుతులకు సున్న మొదలు నాలుగు వరకు మార్కులు వేసి, మొత్తము 52కు కుటుంబములను తూచిరి. 2011లో ఆ పద్ధతిని విడిచి, సాంఘికార్థిక కుల గణన మను పేర నింటింటి విచారణ జరిపిరి. 17.97 కోట్ల గ్రామీణ కుటుంబములు లెక్కకెక్కినవి. వానిలో 5.37 కోట్ల కుటుంబములు భూమి లేక కాయకష్టముమీదనే బ్రతుకుచున్నవని తేలినది. ఈ విచారణవలన గొప్ప మేలు కలిగినది; దానిని తక్కువ చేయ తలపెట్టలేదు. కాని యందు కలిగినవారిని తొలగించుటకు గైకొన్న గురుతులను పరికింపుడు. మోటారు ద్విచక్రవాహనమున్నచో తొలగింపు. తీగ టెలిఫోనున్నచో తొలగింపు. ఏడున్నర యెకరముల భూమియు నీరు తోడు సాధన మొకటియు నున్నచో తొలగింపు.

కొన్ని సంవత్సరములలోనే తీగ టెలిఫోను ధనికుల యిండ్లనుండియే మాయమైనది. మన్యపు గ్రామమున బస్సు లేని దారిలో పాత మోటారుసైకిలు, ఇంగ్లండు పల్లెలోని పాతకారువలెనే, కలిమికి గురుతు గాదు, నిర్బంధము. ఇక ఏడున్నర యెకరముల మాట. కాలువ క్రింద ఏడున్నర యెకరములున్నవాడు ఆసామి. ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వర్షము గల అనంతపురపు ఎర్రనేలలో ఎనిమిదెకరముల వేరుసెనగ రైతు, నాలుగు బోర్లు వేయించి మూడు ఎండిపోగా, నాలుగవదాని మోటారును నమ్ముకొని అప్పులవానికి మొగము చాటువేయుచుండవచ్చును. పట్టికలో వీరిద్దరికిని ఒక్కటే గతి. ఆ గురుతు రైతు భూమిని చూచినది. నేలను చూడలేదు, ఆకాశమును చూడలేదు.

తెలుగుదేశమున లేమి యొక్కొక్కచోట నొక్కొక్క వేషమున నుండును. కృష్ణా గోదావరీ మండలములలో కాలువక్రింది యూరికి రోడ్డు గలదు, విద్యుత్తు గలదు, కుళాయి గలదు. సౌకర్యముల పట్టికలో దానికి నిండు మార్కులు. కాని దున్నువానికి భూమి లేదు. పంట పోయినపుడు పరిహారము పట్టాదారు పేర వచ్చును. నష్టము కౌలుదారు పేర నిలుచును. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో చేసిన సాగుదారుల హక్కుల చట్టముకూడ కౌలుదారునకు పత్రమిచ్చుటకు భూయజమాని సమ్మతిని కోరినది. ఇచ్చటి లేమి రోడ్లను లెక్కించిన తెలియదు, దస్తావేజులను చూడవలెను.

పాలమూరు మెట్టపల్లెలలో లేమికి గురుతు తాళము. వర్షాలు ముగిసిన పిమ్మట కుటుంబములకు కుటుంబములు బొంబాయికో, హైదరాబాదుకో కట్టడపు పనులకు వలసపోవును. గణకుడు వచ్చిన దినమున ముసలివారు మాత్రము గుమ్మముకడ నుందురు, లేదా తలుపునకు తాళమే యుండును. పనిచేసిన నగరమున వారు కట్టుచున్న మేడలోనే పడుకొందురు, అదియు ఇల్లుగాదు. రెండుచోట్లను లేనివారుగా వారు లెక్క తప్పుదురు.

పాడేరు, అరకు ప్రాంతముల గూడెములలో లేమికి గురుతు దూరము. ప్రసవవేదన పడు స్త్రీని డోలీకట్టి కొండదారిని మోసికొనివచ్చిన వార్తలు మనము పలుమారులు చదివియున్నాము. అచ్చట మైళ్ల లెక్క చాలదు. చదునునేల మీది అయిదు మైళ్లును, వర్షకాలమున వాగుదాటు అయిదు మైళ్లును ఒక్కటి గావు. కాలమును కొలువవలెను, అదియు వర్షకాలపు కాలమును కొలువవలెను. శ్రీకాకుళము తీరపు పల్లెకారులకు ఇంటిముందే సముద్రమున్నను, పనికొరకు గుజరాతులోని వేరావలు రేవుదాక పోవలసియున్నది. 2018 నవంబరులో పాకిస్తాను వారికి చిక్కిన ఉత్తరాంధ్ర జాలరులు 2020 జనవరిలో గాని యిలు చేరలేదు. బ్రతుకుతెరువు వేయిమైళ్ల దూరమున నుండుట ఏ పట్టికలోను గురుతుగా లేదు. ఇక పట్టణపు బస్తీ. అచ్చట ఆసుపత్రి దగ్గర, బడి దగ్గర, అంగడి దగ్గర. దూరపు లెక్కలో లేమియే లేదు. కాని పట్టా లేదు, మురుగుకాలువకు మూత లేదు, గదిలో పడుకొనుటకు తావులేక వంతులువారీగా నిద్రింతురు. ఇన్ని రూపముల లేమిని ఒక్క కుంచముతో కొలిచిన నేదో యొకటి తప్పక జారిపోవును.

కుంచము లోపము ఒకటి కాగా, రాశి పోసిన తీరున నున్న లోపము రెండవది. నీతి ఆయోగువారు ఆరోగ్యము, విద్య, జీవనప్రమాణము అను మూడు తెగలలో 12 గురుతులతో బహుముఖ దారిద్ర్యమును లెక్కగట్టి, 2015-16లో దేశమున నూటికి 24.85గా నున్నది 2019-21 నాటికి 14.96కు దిగినదని 2023లో ప్రకటించిరి. ఆంధ్రప్రదేశ్‌కు 6.06, తెలంగాణకు 5.88. సంతోషింపదగిన విషయమే. కాని యీ లెక్క జిల్లాను దాటి క్రిందికి దిగదు. 2018లో వెనుకబడిన 112 జిల్లాలను ప్రత్యేకశ్రద్ధకై యెన్నుకొన్నపుడు విశాఖపట్టణము వానిలో నుండెను. రేవును, ఉక్కుకర్మాగారమును గల జిల్లా వెనుకబడినదా యని పలువురు విస్తుపోయిరి. నిజమేమనగా, అప్పటికి పాడేరు మన్యమును ఆ జిల్లాలోనిదే. ఉక్కునగరమును మన్యపు గూడెమును కలిపి తీసిన సరాసరి నగరమును వర్ణింపదు, గూడెమును వర్ణింపదు. 2022 ఏప్రిలులో మన్యము అల్లూరి సీతారామరాజు జిల్లాగా వేరుపడిన పిదపగాని ఆ రెండింటి యంకెలు విడిపోవుటకు వీలు కలుగలేదు. 2023 జనవరిలో 500 బ్లాకులకు ఇట్టి కార్యక్రమమునే యేర్పరచుట ఒక మెట్టు క్రిందికి దిగుటయే. ఇంకను దిగవలసియున్నది.

ఎంతవరకు? ఊరివరకు దిగిన చాలునని పెక్కురు తలంతురు. చాలదు. పాఠకులలో ననేకులకు సొంతయూరు గలదు. కన్నులు మూసికొని ఆ యూరిని ఒకమారు తలచికొనుడు. నడుమ రామాలయము, రచ్చబండ, పంచాయతీ కచేరి, బడి. వాని చుట్టును పెంకుటిండ్లు, మేడలు. కొసను, పల్లపుప్రక్కను, దళితవాడ. మూడు మైళ్ల దూరమున, అదే రెవిన్యూ గ్రామమున, ఒక తండాయో గూడెమో. ప్రభుత్వపు గ్రామదర్శినిలో ‘ఉన్నతపాఠశాల గలదు, రక్షితజలము గలదు, పక్కా రోడ్డు గలదు’ అని యుండును. అన్నియు సత్యములే. ఊరికి గలవు. వాడలో కుళాయి కొన మట్టిలో పూడియుండవచ్చును. రోడ్డు వాడ మలుపునకు ముందే ఆగియుండవచ్చును. ఆ సంగతిని నమోదు చేయుటకు పట్టికలో గడి లేదు. 2011 గణనమున దేశమున ఇంటిలో మరుగుదొడ్డి గల కుటుంబములు నూటికి 46.9; షెడ్యూల్డు కులములవారిలో 33.9, తెగలవారిలో 22.6 మాత్రమే. ఈ తేడా కులముల లెక్క తీయుటచే తెలిసినది. ఇదే తేడా మన యూరిలో ఏ వీథిలో నారంభమై యే వీథిలో ముగియుచున్నదో చెప్పు లెక్క ప్రజల చేతికి రాలేదు.

పట్టణముల విషయమున నీ పని కొంతవరకు జరిగినది. 2011లో సుమారు 300 మంది, లేదా 60-70 కుటుంబములు కిక్కిరిసియున్న తావులను మురికివాడలుగా గుర్తించి, వానికి వేరు గణనభాగము లేర్పరచి లెక్కించిరి, 6.5 కోట్ల జనులు వానిలో నున్నట్లు తేలినది. పట్టణమునకు మురికివాడ లెక్క గలదు. పల్లెకు వాడలెక్క లేదు. పల్లెలో మురికివాడ లేదని దీని యర్థమా? పల్లెయంతయు నొక కుటుంబమను పాతయూహకు అంకెల రూపమున మనము చేయుచున్న పూజ యిది.

సాంఘికార్థిక గణనము మొదలగు వానినుండి దేశమున 15 లక్షల చిన్నతావుల వివరములను గూర్చి విచారించిన యొక పరిశోధన 2023లో వెలువడినది. బడులు, ఆసుపత్రులు, నీరు, విద్యుత్తు, మురుగుపారుదల వంటి సౌకర్యములు దళితులును ముస్లిములును ఎక్కువగా నున్న తావులలో తక్కువగా నున్నవని తేలుటయే గాక, అంతకంటె విచారింపదగిన సంగతి యొకటి బయటపడినది. ఈ తేడా పట్టణమునకును పట్టణమునకును నడుమ కనబడదు. ఒక్క పట్టణమునందలి పేటకును పేటకును నడుమనే కనబడును. అనగా పైనుండి వచ్చు సొమ్ము పక్షపాతము లేకుండ వచ్చినను, కడపటి మైలున, మన కన్నులయెదుట, మన చేతులమీదుగా త్రోవ మారుచున్నది. ఢిల్లీని నిందించుట సులభము. మన పురపాలకసంఘమును, మన పంచాయతీని విచారించుట కష్టము.

వాడలెక్కకు ఆక్షేపణలు గలవు. ఊరిని చీల్చి లెక్కించుట కులభేదములను పెంచునని కొందరందురు. చీలిక లెక్కవలన రాలేదు; నివాసమువలన వచ్చినది. వైద్యుడు జ్వరమును కొలిచినందున జ్వరము పెరుగదు. వెనుకబడిన వాడయని ముద్ర వేసినచో ఆ వాడవారికి పరువునష్టము కలుగునని మరికొందరందురు. ఇందు కొంత నిజము గలదు. జేవిక్ వాసులును తమ పల్లెపై పడిన ముద్రను సహింపలేక బాధపడినవారే. కావున వాడపేరుకు ముందు నిందావాచకమును చేర్చక, ఏ సౌకర్యము ఏ స్థితిలో నున్నదో మాత్రమే ప్రకటింపవలెను. ఇంటింటి రహస్యములు బయటపడునను భయము తగదు. 1948 నాటి జనగణన చట్టము వ్యక్తుల వివరములను గోప్యముగా నుంచుచున్నది. వాడ మొత్తమును ప్రకటించుటవలన నెవరి పేరును వెల్లడి కాదు.

వ్యయమగునను ఆక్షేపణ మిక్కిలి బలహీనమైనది. ఏలయన లెక్క యిప్పటికే వాడస్థాయిలో జరుగుచున్నది. గణకున కొప్పగించు భాగమున ఆరు మొదలు ఎనిమిదివందల మంది జనులుందురు. ఇంగ్లండువారి చిన్నభాగమునకంటె నిది చిన్నది. ఆ భాగముల హద్దులను వాడల హద్దులకు సరిగా గీచి, సౌకర్యముల యంకెలను ఊరి మొత్తములో కలిపివేయుటకు ముందు విడిగా ప్రకటించిన చాలును. వండిన యన్నమును వడ్డించుటయేగాని క్రొత్తగా వండుట గాదు.

దీనికి ముందునడిచినవారును గలరు. 2000 డిసెంబరు 25న ఆరంభమైన ప్రధానమంత్రి గ్రామసడక్ యోజనలో రెవిన్యూ గ్రామమును గాక నివాసస్థలమును ప్రమాణముగా గైకొనిరి: మైదానమున 500 జనము, కొండలలోను గిరిజన ప్రదేశములలోను 250 జనము. ఒకే కొలత అన్నిచోట్లకు తగదని ఆ పథకము నెరపినవారు తెలిసికొనిరి; అందువలననే ఊరు దాటి గూడెములకు రోడ్లు పోయినవి. 2018లో తెలంగాణమున నాలుగువేలకు పైగా క్రొత్త పంచాయతీ లేర్పడినపుడు, పెక్కు తండాలు మొదటిమారు తమ పేరున తాము లెక్కకెక్కినవి. అంతవరకు వాని నిధి పెద్దయూరి నిధిలో కలిసియుండెను. వాని కొరత పెద్దయూరి సరాసరిలో కరగియుండెను.

కావున మా కోరికలు నాలుగు. గణనభాగముల హద్దులు వాడ, తండా, గూడెము, పల్లెపాలెముల హద్దులను దాటకుండ గీయవలెను. నీరు, మురుగు, దీపము, రోడ్డు, బడి, వైద్యము అను వాని స్థితిని ఆ భాగముల చొప్పున ప్రకటింపవలెను. అన్నిచోట్లకు చెల్లు కొన్ని గురుతులతో పాటు డెల్టాకు కౌలును, మెట్టకు వలసను, మన్యమునకు వర్షకాలపు ప్రయాణకాలమును, బస్తీకి పట్టాను ప్రత్యేక గురుతులుగా చేర్చవలెను. కాలము మారినకొలది వానిని సవరింపవలెను. కడపటిది యన్నిటికంటె ముఖ్యము: ఆ వాడ యంకెలను గ్రామసభలో, ఆ వాడవారి సమక్షమున, చదివి వినిపింపవలెను. తప్పైనచో తప్పని చెప్పగలవారు వారే.

ఇందు ప్రభుత్వము చేయవలసిన పని సగము. మిగిలిన సగము ఊరిపెద్దలదియు, పట్టణపు పౌరులదియు. గణకుడు వచ్చినపుడు అతనికి మజ్జిగ యిచ్చి, రచ్చబండకడ కూర్చుండబెట్టి, ‘మా యూరి సంగతి మేము చెప్పెదము, వ్రాసికొనుము’ అను మర్యాద మనకు క్రొత్తది గాదు. ఆ మర్యాదవలన నెన్ని వాడలు లెక్క తప్పినవో! ఈ మారు అతని వెంట లేచి, కొసవాడ దాక నడచి, కుళాయి తిప్పి చూపుడు. నీరు వచ్చినచో వచ్చినదని వ్రాయింపుడు. రానిచో రాలేదని వ్రాయింపుడు. ఊరికి చెడ్డపేరు వచ్చునని వెనుదీయవలదు. వాడ దాహము దాచి యూరు సంపాదించు మంచిపేరు ఎవరికి కావలెను?